గడ్డివామి ఉండగానే

ఆడఖైదీల జైలు, హోబార్ట్
వాన్ డీమెన్స్ లాండ్
11 ఫిబ్రవరి 1849

ప్రియమైన వినీ అక్కకు,

దేవుడి దయవల్ల నేనిక్కడ క్షేమం. నువ్వూ, మార్టిన్ బావా, పిల్లలూ అక్కడ క్షేమమని తలుస్తాను. ఈ వాక్యం నాది కాదు, నా తరఫున రాస్తున్న మిసెస్ గ్రిమ్‌వుడ్‌ది. ఉత్తరమంటే ఇలాగే మొదలవ్వాలట. ఇంగ్లండులో ఎవరిదో సంతకం తను పెట్టిందని ఆవిణ్ణి ఇక్కడికి పంపారు. అందుకని చేతిరాత గురించి నువ్వేమీ బెంగపడకు. ఈ ముక్క కూడా రాస్తావా అని అడిగితే, "రాస్తాను, నా మీద చెప్పినవాటిలో నిజమైంది ఇదొక్కటే" అంది.

ఒక్క గొర్రె దొంగతనానికి ఏడేళ్ల ద్వీపాంతరమని జడ్జి చదివినప్పుడు నువ్వు కోర్టు మెట్లమీద కూలబడ్డావు. మొగుడు పోయి ఏడాది కాలేదు, చంటిదాన్ని చంకనేసుకుని సముద్రం ఎలా దాటుతుందని అరిచావు. దాటానక్కా. ఆస్ట్రేలియా కిందనున్న ఈ దీవికి నూట ఏడు రోజులు పట్టింది. ఇప్పుడు నేను జైలు చాకిరేవులో పని చేస్తున్నాను. పొద్దున రొట్టె, మధ్యాహ్నం మాంసం సూపు, సాయంత్రం మళ్లీ రొట్టె. సూపులో ముక్క కనిపించకపోతే ఇక్కడి ఇంగ్లీషు ఆడవాళ్లు గిన్నెలు బల్లకేసి కొడతారు. మొదటిరోజు నాకు వాళ్లని చూసి భయమేసింది. ఇప్పుడు నేనూ కొడుతున్నాను.

కేటీ బాగుంది. పిల్లల్ని వేరే గదుల్లో ఉంచి చూసుకుంటారు. లావైంది. కింద రెండు పళ్లొచ్చాయి. ఓడ ఎక్కేముందు నువ్విచ్చిన ఫ్లానెల్ గౌను, మెడ దగ్గర ఎర్రదారంతో పువ్వు కుట్టావే, అది దానికి ఇంకా సరిపోతోంది.

సీలు వేసేముందు సూపరింటెండెంటుగారు అన్ని ఉత్తరాలూ చదువుతారు. వారికి కూడా నా నమస్కారాలు. వచ్చేనెల నన్నూ మిసెస్ గ్రిమ్‌వుడ్‌నీ న్యూ నార్ఫోక్ దగ్గర ఒక రైతు ఇంటికి పనికి పంపుతారట. చిరునామా కింద రాయించాను. జవాబు అక్కడికి రాయి.

డీలియాకీ మాటీకీ ముద్దులు.

నీ చెల్లెలు
సబీనా


నాక్‌బ్రాక్, గాల్వే జిల్లా
ఐర్లండు
15 జులై 1849

సబీనా,

నీ ఉత్తరం మలాకీ మాస్టారు మూడుసార్లు చదివాడు. మూడోసారి సూపు దగ్గరకొచ్చేసరికి ఆగిపోయి, "ఈ వాక్యం ఇంక చదవలేనమ్మా, ఆకలి ఆగట్లేదు" అన్నాడు. ఇప్పుడాయనకి బడి లేదు. దుంపలు కుళ్లిన ఈ కరువులో బడికి రావడానికి పిల్లలు లేరు.

మీ బావ పోయాడు. ఫిబ్రవరిలో. రోడ్డు పక్కన రాళ్లు కొట్టే పనిలో, సుత్తి చేతిలో ఉండగానే కూర్చుండిపోయాడు. చాలాసేపటిదాకా ఎవరూ గమనించలేదు. అందరూ అలాగే కూర్చుని ఉన్నారు మరి. ఏప్రిల్లో భూస్వామి ఏజెంటు మనుషులొచ్చి ఇంటికప్పు తాళ్లు కట్టి లాగేశారు. ఇప్పుడు మేముంటున్నది రోడ్డువార గుంత. పైన కొమ్మలు పరిచి మట్టిపెళ్లలు కప్పాం. పక్కగుంత పెగ్ బ్రాడరిక్‌ది. నీకు గుర్తుందిగా, చర్చి గుమ్మంలో పెళ్లికొడుకుని నిలబెట్టి ఇంటికెళ్లిపోయిన పెగ్. దాని వాళ్లందరూ జ్వరంలో పోయారు. ఇది మాత్రం పోలేదు. "నా నోటికి జడిసి జ్వరం కూడా గుమ్మం తొక్కలేదే" అంటుంది. గుమ్మమంటే గుంత అంచు.

ఇప్పుడు అసలు సంగతి. మాస్టారు రాయనంటున్నాడు. "నేరానికి ముందే కాగితం రాసిపెట్టమంటావా వినీ? పట్టుకుంటే నన్నూ పంపిస్తారు" అంటాడు. పంపితే మీకూ సూపు పోస్తారు, రాయండి అన్నాను. రాస్తున్నాడు.

కిల్‌క్రీస్ట్‌లో ఇద్దరు ఆడపిల్లలు, పెళ్లికానివాళ్లు, భూస్వామి గడ్డివామికి నిప్పు పెట్టి, పారిపోకుండా దాని పక్కనే చేతులు కాచుకుంటూ కూర్చున్నారట. పోలీసులొస్తే "ఇంతసేపా?" అన్నారట. పదేళ్ల ద్వీపాంతరం వేశాడు జడ్జి. వాళ్లు దొరగారికి దణ్ణం పెట్టి దిగారు. ఈ జిల్లాలో ఇప్పుడు ఇదే దారి. టిక్కెట్టు లేని వాళ్లకి ఓడెక్కే దారి ఇంకొకటి లేదు.

మన ఏజెంటు దొడ్డిలో ఆగస్టులో కొత్త వామి వేస్తారు. చలికాలమంతా దాన్ని కత్తితో కోసి కోసి పశువులకి వేస్తారు. మే వచ్చేసరికి ఏమీ మిగలదు. మాస్టారికి చట్టం తెలుసు. వామి చిన్నదైతే శిక్షా చిన్నదే అంటాడు. ఏడాదిపాటు ఇక్కడి జైల్లో పడేస్తే నా పిల్లలు పేదల గృహానికి పోతారు. అక్కడికి పోయినవాళ్లు శవాల బండిమీదే బయటికొస్తున్నారు. అందుకని వామి పెద్దగా ఉండగానే ముట్టించాలి. కానీ నీ మాట వినకుండా ముట్టించను.

తల్లితోపాటు పిల్లల్ని రానిస్తారు, అది నీ విషయంలో చూశాను. వచ్చాక ఏం చేస్తారో చెప్పు. డీలియాకి తొమ్మిది, మాటీకి నాలుగు. మాటీ కాళ్లు ఉబ్బుతున్నాయి. వేలితో నొక్కితే గుంట పడి, చాలాసేపు అలాగే ఉంటోంది.

రా అను, వద్దను. ఏదో ఒకటి అను.

వినీ


న్యూ నార్ఫోక్
వాన్ డీమెన్స్ లాండ్
9 డిసెంబరు 1849

వినీ అక్కా,

ఈసారి ఆ మొదటి వాక్యం రాయొద్దని మిసెస్ గ్రిమ్‌వుడ్‌కి చెప్పాను.

బావ సంగతి చదివినప్పుడు నేను బట్టలు ఆరేస్తున్నాను. మిగతావి కూడా ఆరేసి వచ్చాను. ఏం చేయాలో తోచలేదు.

ఈ ఉత్తరాన్ని ఎవరూ విప్పరు. శిక్ష తీరి ఇంటికెళ్తున్న కార్క్ మనిషి ఒకడు పట్టుకొస్తున్నాడు. అందుకని నిజం రాయిస్తున్నాను. కేటీ లేదు. నేను నీకు మొదటి ఉత్తరం రాయించిన రోజుకే లేదు. నెలైంది అప్పటికి.

ఓడ దిగిన మూడోరోజు దాన్ని నా దగ్గర్నుంచి తీసుకున్నారు. తొమ్మిది నెలలు నిండిన బిడ్డకి తల్లి పాలు అక్కర్లేదని ఇక్కడి రూలు. పిల్లలుండే చోటు గోడకవతలే. ఎండ తగలదు. నీళ్లలో నానిన రొట్టె పెడతారు. మమ్మల్ని వెళ్లనివ్వరు. కానీ ప్రతి సోమవారం అక్కడి మురికిబట్టలు మా తొట్టెలకి వస్తాయి. ఎర్రపువ్వు గౌను కోసం మూటంతా వెతికేదాన్ని. గౌను మురికిగా వస్తే కేటీ బతికి ఉన్నట్టు. మురికి ఎంత ఎక్కువుంటే అంత సంతోషం. ఏడు సోమవారాలు వచ్చింది. ఎనిమిదోవారం రాలేదు. తొమ్మిదోవారం రాలేదు. పదోవారం వచ్చింది, బాగా మురికిగా. నేను తొట్టె దగ్గరే నవ్వేశాను. పక్కనున్న మనిషి చెప్పింది, గౌన్లు వృథా చేయరు, ఇంకో బిడ్డకి తొడిగారని.

నీకెందుకు అబద్ధం రాశానో నాకూ సరిగ్గా తెలీదు. ఆ సూపరింటెండెంటు దొర చదువుతాడని అన్నాను మిసెస్ గ్రిమ్‌వుడ్‌తో. అది సాకు. కాగితం మీద కేటీకి రెండు పళ్లు వచ్చాయి. ఎక్కడో ఒకచోట రానీ అనిపించింది. ఆ కాగితం నిన్ను వామి దగ్గరికి తోస్తుందని నేననుకోలేదు.

నీ ఉత్తరం అందిన ఆదివారం "రావద్దు" అని రాయించి చింపేశాను. తర్వాత ఆదివారం "వచ్చెయ్" అని రాయించి చింపేశాను. మిసెస్ గ్రిమ్‌వుడ్ కలం పక్కనపెట్టి, "చూడు సబీనా, నేను జీవితంలో ఒక్క కాగితం మీద తప్పు పని చేసి ఇక్కడున్నాను. నాతో ఇన్ని కాగితాలు చింపించకు. ముందు తెలుసుకో, తర్వాత చెప్పు" అంది. మూడో ఆదివారం చర్చి దగ్గర అందర్నీ అడిగాను. తెలిసింది తెలిసినట్టు చెప్తున్నాను. మూడేళ్లు దాటిన పిల్లల్ని అనాథల బడికి పంపుతారు. అక్కడా జ్వరాలున్నాయి, దెబ్బలున్నాయి. తల్లికి చూపించేది నెలకోసారి, అదీ తల్లి ఊళ్లో ఉంటే. వాళ్లు నీ పిల్లల్లా పెరగరు. కానీ పెరుగుతారు. నేనడిగిన నలుగురిలో ముగ్గురి పిల్లలు బతికే ఉన్నారు, బూట్లు కూడా ఉన్నాయట. రెండేళ్ల లోపువాళ్ల సంగతి వేరు. మా ఓడలోంచి పదకొండుమంది వెళ్లారు ఆ గోడవతలికి. ఒక్కడే తిరిగొచ్చాడు.

మాటీకి ఈపాటికి అయిదు. డీలియా ఎలాగూ పెద్దది. నీకు చంకబిడ్డ లేదు కాబట్టి ధైర్యం చేసి చెప్తున్నాను. ఉండుంటే చెప్పేదాన్ని కాదు. ముట్టించెయ్ అక్కా. వామి పెద్దగా ఉండగానే ముట్టించి పక్కనే కూర్చో.

తప్పు చెప్తున్నానేమో. అది కూడా రాయమన్నాను.

సబీనా


నాక్‌బ్రాక్, గాల్వే జిల్లా
2 ఆగస్టు 1850

సబీనా,

నువ్వు నా దగ్గర ఒకటి దాచావు. నేనూ నీ దగ్గర ఒకటి దాచాను. పోయినసారి రాయించేటప్పటికే నాకు ఆరో నెల. బావ పోయాక తెలిసింది. చెప్తే నువ్వు రావద్దంటావని చెప్పలేదు. అక్టోబరులో గుంతలోనే పుట్టాడు. పెగ్ చేతులమీద. పేరు ఫెస్టీ. వాడి నాన్న చెవులే.

నీ కాగితం ఏప్రిల్ ఇరవయ్యారున అందింది. అప్పటికి వామి మూడోవంతు కూడా లేదు. రోజూ వెళ్లి చూసొచ్చేదాన్ని. గడ్డి కోసేవాడి కత్తి పడ్డ అంచు రోజుకింత వెనక్కి జరిగేది. మాస్టారు కాగితం చదివి, కేటీ దగ్గర ఆగి, మిగతాది మెల్లగా చదివాడు. చదివాక ముగ్గురం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకోలేదు. నేనూ, మాస్టారూ, పెగ్.

నేను వెళ్తే ఫెస్టీ ఆ గోడవతల పోతాడు. నేను ఉంటే మాటీ ఇక్కడ పోతాడు. వాడప్పటికి లేచి నిలబడటం మానేశాడు. ఫెస్టీని పెగ్‌కి వదిలి వెళ్దామంటే దానికి పాలెక్కడివి. ఇది నేను పైకి అనలేదు. పెగ్గే అంది. "నాకు పాలు లేవు, మొగుడు లేడు, నేను లేకపోతే అడిగే కుక్క లేదు. ఆ ఇద్దర్నీ నాకియ్యి. నావాళ్లని చెప్పుకుని తీసుకుపోతాను" అంది. మాస్టారు లేచి నిలబడ్డాడు. "అది కోర్టుని మోసం చేయడమే పెగ్" అన్నాడు. "అబ్బో, వామి తగలబెట్టడం మాత్రం పూజా మాస్టారూ?" అంది.

ఆ వారమే చేయాలి. పిల్లలకి నేర్పడానికి నాకు నాలుగు రోజులు దొరికాయి.

పెగ్‌ని అమ్మా అనాలి, నన్ను వినీ అత్తా అనాలి. మాటీకి ఒక్క పూట పట్టింది. పెగ్ వాడికి రోడ్డువార దొరికే దురదాకుల గంజి పట్టి, "ఎవర్రా నేను?" అంటే "అమ్మ" అనేవాడు. మూడోరోజు నేను పిలిస్తే "వస్తున్నా అత్తా" అన్నాడు. ఎవరూ లేని చోట అన్నాడు. డీలియా అనలేదు. నోరు బిగించుకుని కూర్చుంది. కొట్టాను. ఎప్పుడూ కొట్టనిదాన్ని. "నువ్వు ఒక్కసారి మర్చిపోయినా మిమ్మల్ని వెనక్కి పంపేస్తారు, మాటీ చచ్చిపోతాడు, అది నీ వల్లే అవుతుంది" అని చెప్పాను. తొమ్మిది నిండిన పిల్లకి.

మే రెండో తారీకు మిట్టమధ్యాహ్నం ముట్టించింది పెగ్. వామి చాలదేమోనని పశువుల కొట్టం కప్పుకి కూడా అంటించింది. ఆవుల్ని ముందే బయటికి తోలింది. తర్వాత పిల్లలిద్దర్నీ చెరోపక్కా పెట్టుకుని మంట ఎదురుగా కూర్చుంది. నేను గోడ ఇవతల నిలబడ్డాను, ఫెస్టీని శాలువాలో దాచుకుని. అంతదూరానికి కూడా వేడి తగిలింది. ఎన్నాళ్లకో వెచ్చగా ఉంది సబీనా. నాకు సిగ్గేసింది.

ఫాదర్ దగ్గరికి కాగితానికి వెళ్తే, ఈ ఇద్దరూ మార్గరెట్ బ్రాడరిక్ పిల్లలని, పెగ్ నిండుపేరుతో రాసిచ్చాడు. వాళ్లకి తన చేతులతో బాప్తిస్మం ఇచ్చినవాడు. రాసినంతసేపూ కిటికీ వైపే చూశాడు.

పోయినవారం కోర్టు. జడ్జి పెగ్‌ని "ఎందుకు తగలబెట్టావు?" అని అడిగాడు. "చలేసింది దొరా" అంది. జనం నవ్వారు. "పిల్లల గురించి ఆలోచించలేదా?" అన్నాడు. "వాళ్ల గురించే ఆలోచించాను దొరా" అంది. ఆయనకి అనుమానం వచ్చినట్టుంది. ముందుకు వంగి డీలియాని చూసి, "అమ్మాయ్, ఈవిడ మీ అమ్మేనా?" అన్నాడు.

అది తల తిప్పింది. జనంలోకి చూసింది. నేనెక్కడున్నానో దానికి తెలుసు. నేను తల దించుకున్నాను. అప్పుడంది, "అవును దొరా, మా అమ్మే" అని. గది చివరిదాకా వినిపించింది.

పదేళ్లు వేశాడు.

బండి ఎక్కించేటప్పుడు దగ్గరికి వెళ్లాను. పొరుగుదాన్ని కదా, వెళ్లొచ్చు. మాటీ "వెళ్లొస్తా అత్తా" అన్నాడు. డీలియా ఏమీ అనలేదు. ఏమీ అనొద్దని నేనే నేర్పాను.

శరత్తులో ఓడ కదులుతుందట. నువ్వు వెళ్లి చూడు. చూసి, ఉన్నది ఉన్నట్టు రాయి.

వినీ


హోబార్ట్
23 మార్చి 1851

అక్కా,

వచ్చారు. ఇద్దరూ ప్రాణాలతో దిగారు. మిగతాది చదివేముందు ఈ మాట మాస్టారిచేత రెండుసార్లు చదివించుకో.

నాకు సగం విడుదల చీటీ వచ్చింది. ఊళ్లో ఒక చాకలి కొట్లో పని చేసుకుంటూ బతుకుతున్నాను. మిసెస్ గ్రిమ్‌వుడ్ కూడా ఊళ్లోనే ఉంది. పెగ్‌ని చర్చిలో చూశాను. ఎముకల గూడు. ఓడలో మాటీకి జ్వరమొస్తే తన వాటా గంజి అంతా వాడికే పోసిందట. "మీ అక్క కొడుక్కి ఒక్క అలవాటు మంచిది లేదు, అన్నీ వాంతి చేసుకుంటాడు" అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. వాడి కాళ్లు ఇప్పుడు నొక్కితే గుంట పడదట.

కానీ మనం ఒకటి ఆలోచించలేదక్కా. ఇంతమందిమి ఇంత ఆలోచించి, అది ఆలోచించలేదు. నేను అనాథల బడి గేటు దగ్గరికెళ్లి డీలియాని, మాటీని చూడాలన్నాను. గేటుమనిషి పుస్తకం తిప్పి, "బ్రాడరిక్ పిల్లలా? నువ్వు బ్రాడరిక్‌వా?" అన్నాడు. కాదన్నాను. "ఏమవుతావు?" అన్నాడు. పిన్నినని నోటిదాకా వచ్చింది. పెగ్ చెల్లెల్నంటే నా కాగితాలు తీస్తారు, పేరు కలవదు. నీ చెల్లెల్నంటే మొత్తం బయటపడుతుంది. "ఏమీ కాను" అన్నాను. "అయితే దేనికొచ్చావు?" అని గేటు వేశాడు. పెగ్‌కేమో ఊరికి దూరంగా పని పడింది. నెలకోసారి కూడా రావడానికి కుదరదు. ఇప్పుడు వాళ్లని చూసే హక్కు ఈ ఊళ్లో ఒక్కరికీ లేదు.

ఆదివారం బడిపిల్లల్ని వరసగా చర్చికి నడిపిస్తారు. రోడ్డువార నిలబడుతున్నాను. మాటీ చేతులూపుకుంటూ నడుస్తాడు, బూట్లున్నాయి. డీలియా మొహం నీదే. మొదటి ఆదివారం నా వైపు చూసింది, నేనూ నీలాగే ఉంటాను కదా. చూసి, వెంటనే మెడ తిప్పేసుకుంది. ఇంక చూడట్లేదు. ఎంత బాగా నేర్పావో.

నేనెవరో దానికి చెప్పనా? ఎలాగైనా దగ్గరికెళ్లి ఒక్క మాట చెప్పనా? మిసెస్ గ్రిమ్‌వుడ్ చెప్పమంటోంది. పెగ్ వద్దంటోంది. నాకు రెండూ నిజమే అనిపిస్తున్నాయి.

ఫెస్టీ ఎలా ఉన్నాడు? నడుస్తున్నాడా?

సబీనా


నాక్‌బ్రాక్ దగ్గరి పేదల గృహం
14 సెప్టెంబరు 1851

సబీనా,

ఫెస్టీ నవంబరులోనే పోయాడు. వాళ్ల ఓడ ఇంకా దారిలో ఉంది. నా పాలు ఎండిపోయాయి. అంతే, ఇంకేం లేదు చెప్పడానికి. వాడి కోసం వాళ్లని పంపాను. పంపకపోతే మాటీ పోయేవాడు, అది నాకు తెలుసు. పొద్దున తెలుస్తుంది. గచ్చు కడుగుతూ కడుగుతూ ఉంటే మధ్యాహ్నానికి తెలియడం మానేస్తుంది.

నువ్వెవరో డీలియాకి చెప్పకు. వినేవాళ్లు ఒకరున్నారని తెలిస్తే దానికి చెప్పుకోవాలనిపిస్తుంది. ఇప్పటికైతే మొహం తెలిసిన ఊరి మనిషిగానే ఉండు. అది బయట పనికి కుదిరాక, పెరటి గుమ్మం దగ్గర నిలబడి రెండు మాటలు మాట్లాడటానికి హక్కులేం అక్కర్లేదు.

అప్పుడది అడుగుతుంది, చిన్నతమ్ముడెలా ఉన్నాడని. లావయ్యాడని చెప్పు. పళ్లొచ్చాయని, నడుస్తున్నాడని చెప్పు. కేటీ గురించి నాకు రాశావే, అలా. ఆ ఉత్తరం మీద నాకు చాలాకాలం కోపం ఉండేది. ఇప్పుడు లేదు. అదింకా నా దగ్గరే ఉంది. నీకా పని బాగా వచ్చు సబీనా. నా కోసం ఇంకొక్కసారి చెయ్యి.

వినీ

ఆమె చెప్పనిది నేను రాస్తున్నాను. దగ్గులో రక్తం పడుతోంది. రాసేదేమైనా ఉంటే త్వరగా రాయండమ్మా. – మలాకీ టూహీ


హోబార్ట్
6 ఫిబ్రవరి 1853

నాక్‌బ్రాక్‌లోని వినీ అత్తకు,

దేవుడి దయవల్ల నేనిక్కడ క్షేమం, మీరూ అక్కడ క్షేమమని తలుస్తాను. బడిలో మాకు ఉత్తరం ఇలాగే మొదలుపెట్టాలని నేర్పారు. ఇది నా సొంత చేతిరాత. నాకు ఇప్పుడు పన్నెండు నిండాయి. బడి నుంచి నన్ను ఒక దొరసాని ఇంటికి పనికి పంపారు. దొరసాని మంచిది. నా ఉత్తరాలు ఆవిడ చదివి, తప్పులు దిద్ది పంపుతుంది.

మాటీ బడిలోనే ఉన్నాడు. నా భుజం దాకా వచ్చాడు. వాడికి నాక్‌బ్రాక్ గుర్తులేదు. ఒక పెద్ద మంట మాత్రం గుర్తుందంటాడు. అది ఎంత బాగుందో అందరికీ చెప్తుంటాడు.

మా అమ్మ మార్గరెట్ బ్రాడరిక్ ఆరోగ్యంగా ఉంది. క్రిస్మస్‌కి వచ్చి నాకు మేజోళ్లు ఇచ్చింది. అవి తనే అల్లానంది. కానీ తనకి అల్లడం రాదని నాకు తెలుసు.

చాకలికొట్టు సబీనా గారు బట్టలివ్వడానికి పెరటి గుమ్మం దగ్గరికి వస్తారు. ఆవిడ ముఖం నాకు తెలిసిన ఒకరి ముఖంలా ఉంటుంది. మీ చిన్నబ్బాయి ఎలా ఉన్నాడని అడిగాను. బాగా లావయ్యాడని, నడుస్తున్నాడని, పళ్లన్నీ వచ్చాయని చెప్పారు. చెప్పేటప్పుడు బట్టల మూట వైపు చూశారు. తర్వాత ముడి బాగానే ఉన్నా విప్పి మళ్లీ కట్టారు. నేను ఇంకేమీ అడగలేదు.

మీకు ఒక సంగతి రాయాలని ఇది మొదలుపెట్టాను. బండి దగ్గర మీరు నాతో ఏమీ అనలేదు. అంతకుముందు చెప్పినవన్నీ నాకు గుర్తున్నాయి. కోర్టులో, ఓడలో, బడిలో, ఇక్కడ, అడిగినవాళ్లందరికీ మీరు చెప్పిన జవాబే చెప్పాను. జ్వరం వచ్చినప్పుడు నోటిలో గుడ్డ పెట్టుకుని పడుకున్నాను. ఒక్కసారి కూడా తప్పలేదు.

ఇలా ఎప్పటిదాకా ఉండాలో మాత్రం మీరు చెప్పలేదు. దయచేసి రాయండి.

మీ విధేయురాలు
డీలియా బ్రాడరిక్